గుర్రాలు లాగే ఫిరంగులు, ఈ కాలంలోనా? లండన్ కింగ్స్ ట్రూప్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

#1 తెనాలి టు థేమ్స్
అందరికీ నమస్తే. పోయిన నెలే వూల్విచ్‌కి ఇల్లు మారాం. నాది పొద్దున ఆరున్నర బస్సు. మొదటి వారమే స్టాపులో నిలబడి ఉంటే వెనక నుంచి గిట్టల చప్పుడు. తిరిగి చూస్తే తడిసిన రోడ్డు మీద బారుగా గుర్రాలు. ఒక్కో మనిషి ఒకదాని మీద కూర్చుని, పక్కన ఇంకోదాని పగ్గం పట్టుకుని పోతున్నారు. బస్సులూ కార్లూ హారన్ కొట్టకుండా వెనకే నత్తనడక. మూడో వారం వాటి వెనక ఫిరంగి కూడా వచ్చింది. బొమ్మది కాదు, నిజంది.

మా తాతయ్య తెనాలి స్టేషన్ దగ్గర జట్కా ఎక్కించి సినిమాకి తీసుకెళ్ళేవాడు. గుర్రం వాసన తగిలి ముప్పై ఏళ్ళయింది. ఆ రోజు మళ్ళీ తగిలింది, ఇంగ్లాండులో.

ఆఫీసులో అడిగితే "అది కింగ్స్ ట్రూప్, రాయల్ హార్స్ ఆర్టిలరీ" అన్నారు, అంతకుమించి వాళ్ళకీ తెలీదు. డ్రోన్లతో యుద్ధాలు జరుగుతున్న రోజుల్లో ఈ దళం ఏం చేస్తుంది? వీళ్ళు సైనికులేనా, వేషాలు వేసుకున్న ఉద్యోగులా? ఆ ఫిరంగులు పేలతాయా?

#2 పైసా వసూల్
టూరిస్టుల కోసం బ్రో. రాజుగారి బ్యాండ్ మేళం. ఆ మధ్య లండన్ నడిబజార్లో రక్తం కారుతూ పరిగెత్తిన గుర్రాలు వీళ్ళవే కదా? పన్ను కట్టేది మీలాంటివాళ్ళు, మేత మేసేది అవి.

#3 తిరుమలగిరి శీను
వీళ్ళవి కాదన్నా. 2024 ఏప్రిల్‌ల బెదిరి ఉరికినవి హౌస్‌హోల్డ్ కావల్రీ గుర్రాలు. గది వేరే దళం, ఇది వేరే దళం. ఆళ్ళు గుర్రమెక్కి కత్తి పట్టే కావల్రీ, ఈళ్ళు తోపు గుంజే ఆర్టిలరీ.

చరిత్ర ముచ్చట నా దగ్గర జెరంత ఉంది, చెప్త. బ్రిటిషోళ్ళు రాయల్ హార్స్ ఆర్టిలరీని 1793 ఫిబ్రవరిల పెట్టిన్రు, ఫ్రాన్సుతోని లడాయి షురూ అయిన నెలనే. మొదలు రెండే ట్రూపులు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చే యాల్లకు గుర్రాలు పోయి మోటార్లొచ్చినయ్. యుద్ధం అయిపోయినంక ఆరో జార్జి రాజు "ఒక్క ట్రూపన్న గుర్రాలతోటి ఉండాలె, సలాముల కోసం" అన్నడు. 1946ల "రైడింగ్ ట్రూప్" అని పెట్టిన్రు. 1947 అక్టోబర్ 24 నాడు రాజు ఆళ్ళ బ్యారక్స్ చూడనీకి పోయిండు. విజిటర్స్ బుక్కుల "రైడింగ్" అనే మాటను కలంతోని కొట్టేసి "కింగ్స్" అని రాసిండు. గంతే, పేరు మారింది. తర్వాత బిడ్డ రాణి అయితే "క్వీన్స్ ట్రూప్" కావాలె గదా? మా నాయిన పెట్టిన పేరు, గట్లనే ఉండనీయిన్రి అన్నదట ఎలిజబెత్. డెబ్బై ఏండ్లు రాణి రాజ్యంల కింగ్స్ ట్రూప్ అనే పేరుతోనే నడిచిన్రు.

మీ వూల్విచ్‌కు వచ్చింది 2012ల. అంతకు ముందు సెయింట్ జాన్స్ వుడ్‌ల ఉండె.

#4 గోల్కొండ గన్నర్
అబ్బాయ్ తెనాలి, నేను రిటైర్డ్ సుబేదారుని, ఊరు గిద్దలూరు పక్కన. 24 ఏళ్ళు తోపులతోనే బతికా. రంగ్రూటుగా చేరింది గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో. కింగ్స్ ట్రూపుని టీవీలో తప్ప చూడలేదు గానీ, తోపు ఎక్కడున్నా తోపే కాబట్టి చెబుతా.

ముందు హార్స్ ఆర్టిలరీ అంటే ఏందో తెలియాలి. ఫిరంగిని గుర్రాలు లాగితే అది హార్స్ ఆర్టిలరీ అయిపోదు. మామూలు ఫీల్డ్ ఆర్టిలరీలోనూ గుర్రాలే లాగేవి. కాకపోతే అక్కడ గన్నర్లు గుండ్ల పెట్టె మీద కూర్చోవాలి, లేదంటే పక్కన నడవాలి. గుర్రం ఎంత పరిగెత్తగలిగినా ఆ జట్టు వేగం నడిచేవాడి వేగమే. హార్స్ ఆర్టిలరీలో ప్రతి గన్నరుకీ సొంత గుర్రం. తోపు దౌడు తీస్తే మనుషులూ పక్కనే దౌడు. కావల్రీ ఎక్కడికి పోతే అక్కడికి పోవాలి, వాళ్ళకంటే ముందు దిగాలి, పేల్చాలి, శత్రువు గురి కుదుర్చుకునేలోపు తోపు తగిలించుకుని మాయమైపోవాలి. ప్రష్యాలో ఫ్రెడరిక్ రాజు 1759లోనే ఈ పద్ధతి పెట్టాడు.

ఇప్పుడు మా కె9 వజ్ర, అంటే ట్యాంకులా తనంతట తనే నడిచే తోపు, చేసేది ఏంది? వచ్చి, పేల్చి, పారిపోవడం. షూట్ అండ్ స్కూట్ అంటాం. గుర్రం పోయింది, ఆ పని పోలేదు. బ్రిటిష్ వాళ్ళలోనూ 1వ, 3వ, 7వ హార్స్ ఆర్టిలరీ రెజిమెంట్లు ఇప్పటికీ ఉన్నాయి, పేరులోనే హార్స్. 7వ వాళ్ళయితే ఏకంగా పారాచూట్లతో దిగుతారు.

నువ్వు చూసిన తోపు 13 పౌండర్. 1904లో హార్స్ ఆర్టిలరీ కోసమే తెచ్చిన తేలిక తోపు. కింగ్స్ ట్రూప్ దగ్గర అవి ఆరున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటివి, నకళ్ళు కావు. పేలతాయా అంటే, ఏడాదికి చాలాసార్లు పేలతాయి. గుండు ఉండదు, మందు మాత్రమే.

#5 సౌమ్య_పశువైద్యం
గన్నర్ గారూ, బాగా చెప్పారు. గుర్రాల వైపు నుంచి నేను కొంచెం కలుపుతాను. నేను పశువైద్యురాలిని. మేము చదువుకునేటప్పుడు గుర్రాలంటే మాకు తెలిసినవి రేసు గుర్రాలు, పెళ్ళి ఊరేగింపు గుర్రాలు మాత్రమే.

ఒక్కో ఫిరంగికి ఆరు గుర్రాలు, రెండేసి చొప్పున మూడు జతలు. ఆరింటికీ కలిపి ముగ్గురే మనుషులు. ముగ్గురూ ఎడమ పక్క గుర్రాల మీద కూర్చుంటారు. కుడి పక్క గుర్రం మీద ఎవరూ ఉండరు, దాన్ని కుడి చేత్తోనే నడిపించాలి. అంటే తన గుర్రం ఎడమ చేతిలో, పక్క గుర్రం కుడి చేతిలో. కుడి కాలు రెండు గుర్రాల మధ్య నలిగిపోకుండా దానికి ఇనప పట్టీ కట్టుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. ఫిరంగి, దాని ముందుండే లింబర్ బండి కలిపి టన్నుకు పైనే బరువు. దానికి బ్రేకు లేదు. మళ్ళీ చెబుతున్నాను, బ్రేకు లేదు. దౌడు మీద వస్తున్నదాన్ని ఆపాల్సింది చివరి జత గుర్రాలే. అవి వెనక్కి ఆనుకుని, పిర్రల మీద పడే పట్టీతో ఆ బరువును ఆపుతాయి. ముందు జత చురుగ్గా ఉండాలి, నడిమి జత నమ్మకంగా ఉండాలి, వెనక జత బలంగా, నిదానంగా ఉండాలి. మన ఒంగోలు బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. రెండు ఎడ్లని జత కుదర్చడానికే రైతు ఏళ్ళు పడతాడు. ఇక్కడ ఆరు.

వీళ్ళ ప్రదర్శన ఒకటి ఉంది, మ్యూజికల్ డ్రైవ్ అంటారు. ఆరు జట్లూ దౌడు మీద ఎదురెదురుగా వచ్చి, కత్తెర వేసినట్టు ఒకదాని మధ్య నుంచి ఇంకొకటి దూసుకుపోతాయి. వీడియో చూసి నేను కళ్ళు మూసుకున్నాను. ఒక్క గుర్రం తడబడితే చాలు.

#6 పైసా వసూల్
సరే, కష్టమే. సర్కస్‌లో తీగ మీద నడవడం కూడా కష్టమే. కష్టమైనంత మాత్రాన సైన్యం అయిపోతుందా?

#7 గోల్కొండ గన్నర్
మంచి ప్రశ్న బాబూ. వాళ్ళు సైనికులే. ఎంచి తీసుకున్న నటులు కారు. వాళ్ళకీ రైఫిలూ ఫిట్‌నెస్ పరీక్షా ఉంటాయి. వేసవిలో కావల్రీ వాళ్ళు శిక్షణకి పోయినప్పుడు రాజుగారి కాపలా డ్యూటీ కొన్ని వారాలు వీళ్ళదే. ఆ జీనులు కుట్టేది వాళ్ళ సొంత చర్మకారులే, నాడాలు కొట్టేదీ వాళ్ళ మనుషులే.

ఇంకో మాట. మిగతా రెజిమెంట్లకి జెండా ఉంటుంది, దాన్ని ప్రాణంగా చూస్తారు. ఆర్టిలరీకి జెండా లేదు. తోపే జెండా. మన దగ్గరా అంతే. గోల్కొండలో మా ఉస్తాద్ మొదటి వారంలోనే చెప్పాడు, తోపుకి కాలు తగిలితే వంగి దండం పెట్టమని. నాకు ఒకసారి పొరపాటున తగిలింది, గ్రౌండు చుట్టూ ఎన్ని రౌండ్లు పరిగెత్తానో లెక్కలేదు. దసరాకి తోపుకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాకే మాకు పలారం.

బ్రిటిష్ పరేడులో కుడి చివరి చోటు అంటే అన్నిటికన్నా గౌరవం. హార్స్ ఆర్టిలరీ తోపులతో వచ్చిందంటే ఆ చోటు వాళ్ళదే, మిగతా దళాలన్నీ ఎడమకి జరగాలి. తోపులు లేకుండా వస్తే ఆ హక్కు లేదు. గౌరవం తోపుకే.

#8 తెనాలి టు థేమ్స్
అమ్మో, నేను బస్‌స్టాపులో ఆవలిస్తూ చూసిందాని వెనక ఇంత ఉందా. ఒక అనుమానం. రాణి చనిపోయినప్పుడు హైడ్ పార్కులో చాలాసేపు పేల్చారని మా ఇంటి ఓనరమ్మ చెప్పింది. ఎన్ని పేల్చాలో ఎలా నిర్ణయిస్తారు? మనకి 21 కదా.

#9 తిరుమలగిరి శీను
మూలం 21యే తమ్మీ. హైడ్ పార్కు, గ్రీన్ పార్కు రాచ పార్కులు గాబట్టి ఇంకో 20 కలుపుతరు, 41. లండన్ టవర్ కాడ ఇంకో దళం పేలుస్తది, హానరబుల్ ఆర్టిలరీ కంపెనీ అని. ఆడ 62. కోట అయినందుకు 20, సిటీ ఆఫ్ లండన్ పేరు మీద మల్ల 21.

రాణి పోయిన తెల్లారి, 2022 సెప్టెంబర్ 9 నాడు 96 పేల్చిన్రు. ఆమె బతికిన ఏండ్లకు ఒక్కొక్కటి.

#10 గోల్కొండ గన్నర్
లెక్క నేను చెబుతా, ఇది నా సబ్జెక్టు. శాల్యూట్లో ప్రతి పది సెకన్లకి ఒక తోపు పేలాలి. ఆరు తోపులు వరసగా పేలితే ఒక్కో తోపుకి మళ్ళీ వంతు వచ్చేది నిమిషానికి. ఆ నిమిషంలో ఖాళీ కేసు తీయాలి, కొత్తది పెట్టాలి, బ్రీచ్ (తోపు వెనక తలుపు) మూయాలి, సిద్ధంగా ఉండాలి. 41 పేలుళ్ళకి మధ్యలో ఖాళీలు 40. అంటే మొదటిదాని నుంచి చివరిదాకా సరిగ్గా 6 నిమిషాల 40 సెకన్లు. 96 అయితే 15 నిమిషాల 50 సెకన్లు. సంతాప శాల్యూట్ ఇంకోరకం. 2021లో రాణి భర్త ఫిలిప్ పోయినప్పుడు నిమిషానికి ఒకటి చొప్పున 41 పేల్చారు. అప్పుడు చేతికి తీరిక ఉంటుంది గానీ మనసుకి ఉండదు.

మన రిపబ్లిక్ డేకి 21 పేలుళ్ళు జనగణమనతో కలిసి 52 సెకన్లలో అయిపోవాలి, అది ఇంకా కష్టం. అన్నట్టు మన వాళ్ళు 2023లో బ్రిటిష్ కాలపు 25 పౌండర్లని పక్కన పెట్టి మన దేశంలో చేసిన 105 ఎంఎం తోపులు దింపారు. ఆ రోజు టీవీ ముందు మా ఆవిడ ఇడ్లీ చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచింది.

తెనాలి తమ్ముడూ, ఎప్పుడైనా శాల్యూట్ చూడటానికి పోతే స్టాప్‌వాచ్ పెట్టి చూసి చెప్పు. 6.40 వస్తే వాళ్ళు గన్నర్లు. రాకపోతే పైసా వసూల్ బాబు చెప్పినట్టు బ్యాండ్ మేళం.

#11 పైసా వసూల్
డీల్ 😄
కానీ ఒకటి అడుగుతా. రాణి అంత్యక్రియల్లో శవపేటిక బండిని నావికులు తాళ్ళతో లాగడం నేను లైవ్‌లో చూశా. ఇంత గొప్ప గుర్రాలుంటే మనుషులెందుకు లాగారు?

#12 తిరుమలగిరి శీను
అన్నా, గిదే నాకు మస్తు ఇష్టమైన కత. 1901 ఫిబ్రవరి 2, విక్టోరియా రాణి అంత్యక్రియలు, విండ్సర్ స్టేషన్ బయట. ఎముకలు కొరికే చలి. హార్స్ ఆర్టిలరీ గుర్రాలు చాన సేపు కదలకుంట నిలవడ్డయ్. శవపేటిక ఎక్కిచ్చి ముందుకు కదులుదామనే యాల్లకు గుర్రాలు ఎగిరినయ్, బండికి కట్టిన పట్టీ తెగింది. దునియాల రాజులందరు ఎనక నిలవడి చూస్తున్నరు! పక్కపొంటి నేవీ గార్డు ఉండె. ఆళ్ళు తాళ్ళు తెచ్చి కట్టుకుని గుంజుకుంట పోయిన్రు. గా రోజు గన్నర్ల ఇజ్జత్ ఎంత పోయిందో. ఆ పొరపాటే ఆచారం అయి కూసుంది. 2022 సెప్టెంబర్ 19 నాడు 142 మంది నావికులు గుంజిన్రు.

అయితే నువ్వు చూసింది అసలు అంత్యక్రియల రోజు. అంతకు ముందు సెప్టెంబర్ 14 నాడు బకింగ్‌హామ్ ప్యాలెస్ నుంచి వెస్ట్‌మినిస్టర్ హాలు దాక తీస్కపోయింది కింగ్స్ ట్రూప్ గుర్రాలే, ఆళ్ళ తోపు బండే. 1997ల డయానాను, 2002ల రాణి తల్లిని, 2013ల మార్గరెట్ థాచర్‌ను కూడ. నూటిరవై ఏండ్ల కింద తెగిన పట్టీ గన్నర్లకు ఇప్పటికి మనసుల ఉంటదని నాకనిపిస్తది.

#13 సౌమ్య_పశువైద్యం
ఆ గుర్రాల తప్పేమీ లేదు పాపం. చలిలో గంటలు నిలబెట్టి, ఒక్కసారిగా బరువు లాగమంటే కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. సైసులకి తెలుసు, ఊరేగింపు అధికారులకి తెలీదు. ఇప్పటికీ ఇంతే, మా దగ్గరకి వచ్చే పెళ్ళి గుర్రాల సంగతి చెబితే ఏడుస్తారు. ఈ థ్రెడ్‌లో వద్దులెండి.

#14 గోల్కొండ గన్నర్
ఇజ్జత్ మాట వచ్చింది గాబట్టి నెరీ గురించి చెప్పాలి. మా కోర్సులో మేజర్ సాబ్ బోర్డు మీద గీసి మరీ చెప్పిన యుద్ధం ఇది.

1914 సెప్టెంబర్ 1. ఫ్రాన్సులో నెరీ అనే పల్లె. తెల్లారుజామున దట్టమైన మంచు. బ్రిటిష్ కావల్రీ బ్రిగేడు, వాళ్ళతో హార్స్ ఆర్టిలరీ ఎల్ బ్యాటరీ (ఆరు తోపుల దళం) అక్కడ రాత్రి బస చేశాయి. గుర్రాలకి నీళ్ళు పెడుతున్నారు, బయల్దేరాలి. మంచు విచ్చేసరికి ఎదుటి గట్టు మీద జర్మన్ కావల్రీ డివిజన్, 12 తోపులు. వీళ్ళవి ఆరు, అవి కూడా లింబర్లకి తగిలించి, కదలడానికి సిద్ధంగా ఉన్నాయి గానీ కాల్చడానికి సిద్ధంగా లేవు. మొదటి నిమిషాల్లోనే గుర్రాలు గుట్టలుగా పడిపోయాయి.

మూడు తోపుల్ని ఎలాగో తిప్పగలిగారు. కాసేపటికి మిగిలింది ఒక్కటి. కెప్టెన్ బ్రాడ్‌బరీకి కాలు పోయింది, అయినా పక్కనే పడి గురి చెబుతూ ప్రాణం పోయేదాకా ఆ తోపుని నడిపించాడు. సార్జెంట్ మేజర్ డోరెల్, సార్జెంట్ నెల్సన్ చేతిలో గుండ్లు అయిపోయేదాకా పేల్చారు. ఆ లోపు ఐ బ్యాటరీ, ఇంకా సాయం వచ్చి జర్మన్లు తోపులు వదిలేసి పోవాల్సి వచ్చింది. ముగ్గురికీ విక్టోరియా క్రాస్, బ్రిటిష్ వాళ్ళ అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం. ఆ చివరి తోపు లండన్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది, 13 పౌండర్. తెనాలి తమ్ముడూ, నువ్వు రోడ్డు మీద చూసిన రకమే. చూసి రా.

ఇంకోటి 1900 మార్చి 31, దక్షిణాఫ్రికాలో సనాస్ పోస్ట్. క్యూ బ్యాటరీ మొత్తం ఎంత తెగువ చూపించిందంటే పతకం ఎవరికివ్వాలో పైవాళ్ళకి తేలలేదు. మీరే ఓటేసి ఎంచుకోండి అన్నారు. నాలుగు విక్టోరియా క్రాసులొచ్చాయి, తోటివాళ్ళ ఓటుతో. నాకు తెలిసిన ఏ పతకంలోనూ ఇంత విలువ లేదు.

#15 పల్నాటి పిల్లోడు
అంతా బాగుంది పెద్దాయనా, ఒప్పుకుంటా. కానీ ఈ ఫిరంగుల నోట్లో ఎవరు పడ్డారో ఎవరూ మాట్లాడరేంటి? 1857 జూన్‌లో పెషావర్‌లో 55వ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలు నలభై మందిని ఫిరంగులకి కట్టి పేల్చేశారు. మనం ఇక్కడ పగ్గాలూ పట్టీలూ అని మురిసిపోతున్నాం.

#16 తిరుమలగిరి శీను
నువ్వన్నది నిజం తమ్మీ. పెషావర్ దాక ఎందుకు, మన కోఠికి రా.

ఈస్టిండియా కంపెనీకి మూడు హార్స్ ఆర్టిలరీలు ఉండె. బెంగాల్ 1800ల, మద్రాస్ 1805ల, బొంబాయి 1811ల. అంతకు ముందు మద్రాసోళ్ళ తోపులు ఎద్దులే గుంజేది. టిప్పు దగ్గరి నుంచి దొరికిన అమృత్ మహల్ ఎద్దులంటే వెల్లెస్లీకి పానం. మద్రాస్ హార్స్ ఆర్టిలరీ 1817ల మహిద్‌పూర్ కాడ హోల్కర్ మీద కొట్లాడింది. సికింద్రాబాద్‌ల కూడ ఉండె.

1857 జులై 17, శుక్రారం. ఢిల్లీ మీదికి పోమంటే పోనన్న జమాదార్ చీదా ఖాన్ హైదరాబాద్ వస్తే, ఆయనను పట్టి రెసిడెన్సీల (నిజాం కాడ ఉండే బ్రిటిష్ దూత బంగ్లా) ఏసిన్రు. గాయనను ఇడిపించాలె అని తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ముందట, ఐదు వందల మంది దాక రోహిల్లా పఠాన్లు ఎనక, కోఠి రెసిడెన్సీ మీదికి పోయిన్రు. సాలార్‌జంగ్ ముందే ఖబర్ ఇచ్చిండు. లోపట మద్రాస్ హార్స్ ఆర్టిలరీ తోపులు తయారుగ ఉన్నయ్. ఈళ్ళు పక్కపొంటి ఇండ్లల్ల చేరి రాత్రంత కొట్లాడిన్రు. తుపాకులు తోపుల ముందట ఏం నిలుస్తయ్? తెల్లారేసరికి చెదిరిపోయిన్రు.

తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డడు, అండమాన్ శిక్ష పడ్డది. 1859 జనవరిల తప్పిచ్చుకున్నడు. వారం తిరగకముందే తూప్రాన్ దిక్కు కాల్చి చంపిన్రు, శవాన్ని పట్నం తెచ్చి వేలాడదీసిన్రు. మౌల్వీ అండమాన్‌లనే పోయిండు.

ఇప్పటికి మన ఇండ్లల్ల పొగరుగ మాట్లాడే పోరన్ని "నువ్వేమన్న పెద్ద తుర్రుంఖాన్‌వా?" అంటరు గదా. గా తుర్రుంఖాన్ ఈయననే అంటరు. మా అమ్మ నన్ను వందసార్లు అన్నది, ఆమెకు తెల్వదు అది తిట్టు కాదని.

#17 పల్నాటి పిల్లోడు
అన్నా. ఒళ్ళు జలదరించింది. మా గుంటూరు వైపు కూడా "తురుంఖాన్" అంటాం. ఇదని తెలీదు.

#18 గోల్కొండ గన్నర్
శీను, ఈ ముచ్చట నాకు తెలీదు. గోల్కొండలో శిక్షణ అయ్యాక కోఠి బజార్లో ట్రంకు పెట్టె కొనుక్కుని రైలెక్కినవాణ్ణి. ఆ గోడ పక్కనే నడిచి ఉంటా.

పల్నాటి బాబూ, నీ మాటకి అడ్డం చెప్పను. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్ళు నేర్చుకున్న పాఠం ఏందంటే, భారతీయుడి చేతికి తోపు ఇవ్వకూడదని. కంచరగాడిదల మీద మోసే కొండ తోపులు మాత్రం మనవాళ్ళకి ఉంచారు. 1827లో పుట్టిన బాంబే మౌంటెన్ బ్యాటరీ పుట్టినరోజే మా గన్నర్స్ డే, సెప్టెంబర్ 28. ఫీల్డ్ తోపులు మనవాళ్ళ చేతికి వచ్చింది 1935లో, బెంగళూరులో. డెబ్బై ఎనిమిదేళ్ళు పట్టింది. తోపంటే మాకెందుకంత భక్తో ఇప్పుడు అర్థమైందా? ఒకప్పుడు ఇవ్వనన్న వస్తువు అది.

#19 పైసా వసూల్
ఈ థ్రెడ్ నేను అనుకున్నదానికంటే సీరియస్ అయింది. లైక్ కొట్టి కూర్చున్నా. శీను అన్నా, సికింద్రాబాద్‌లో ఆ గుర్రాల గుర్తులు ఏమైనా ఉన్నాయా? ఆకలేసి ప్యారడైజ్ దాకా పోదామనుకుంటున్నా, దారిలో చూస్తా.

#20 మసాలా మాస్టర్
ప్యారడైజా? 2024లో కూడా ప్యారడైజ్ అంటున్నావా? చెప్పమంటావా ఐదు పేర్లు...

#21 నిర్వాహకుడు
బిర్యానీ మీద ఇప్పటికే రెండు థ్రెడ్లు మూసేశాం. దయచేసి ఇది మూడోది కానివ్వకండి. #20 కింద వచ్చిన పదకొండు జవాబులు తీసేశాను.

#22 తిరుమలగిరి శీను
😂 పైసా అన్నా, గుర్తులంటే పేర్లల్లనే దొరుకుతయ్. అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ ఉంది గదా, నిజాం దగ్గర కొలువు చేసిన ఫ్రెంచోడు రేమండ్ తోపులు పోత పోసిన జాగ. తోప్ కా సాంచా అంటరు. గాయన పేరు మీదనే మూసారాంబాగ్ అంటరు.

తిరుమలగిరి కంటోన్మెంట్‌ల హార్స్ ఆర్టిలరీ ఉండె. 1914ల లడాయి వచ్చినప్పుడు సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్ ఫ్రాన్సుకు పోయింది. అండ్ల మన దక్కన్ హార్స్, పూనా హార్స్, ఒక బ్రిటిష్ డ్రాగూన్ల రెజిమెంటు, వాళ్ళకు తోడు హార్స్ ఆర్టిలరీ ఎన్ బ్యాటరీ. ఎన్ బ్యాటరీ మూలం ఆ పాత బొంబాయి హార్స్ ఆర్టిలరీనే. 1916 జులై 14 నాడు సొమ్ కాడ, హై వుడ్ పక్కన గోధుమ చేన్లల్ల దక్కన్ హార్స్ బల్లేలు పట్టుకుని దూకింది. మెషీన్‌గన్ల కాలంల గుర్రాలు!

ఇంకో కత. 1918ల హైఫా, ఇప్పటి ఇజ్రాయెల్‌ల ఉన్న రేవు పట్నం. ఢిల్లీ తీన్‌మూర్తిల ఉన్న మూడు బొమ్మలల్ల ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. హైఫా మీద దూకింది జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు, మనోళ్ళు గా రోజు ఖైదీలను పట్టుకపోయే పని మీద ఉండె. ఉన్నదున్నట్టు చెప్పాలె గదా. ఆ దాడికి తోపుల సాయం ఇచ్చింది హానరబుల్ ఆర్టిలరీ కంపెనీ బి బ్యాటరీ. తెనాలి తమ్మీ, లండన్ టవర్ కాడ 62 పేల్చేది గా కంపెనీయే.

#23 సౌమ్య_పశువైద్యం
మద్రాసు రేవుకి ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వచ్చిన వేలర్ గుర్రాల గురించి కూడా ఎవరైనా రాయాలి. న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చాయి కాబట్టి వేలర్. మన దగ్గర బ్రిటిష్ ఫిరంగులు లాగినవి చాలావరకు అవే. నేల మీద దిగేసరికి కాళ్ళు తేలిపోయి ఉండేవి.

కింగ్స్ ట్రూప్ గుర్రాలు ఎక్కువగా ఐర్లాండు నుంచి వచ్చే ఐరిష్ డ్రాఫ్ట్ రకం. ఆరు ఫిరంగులకి ఆరు జట్లు, రంగుని బట్టి విడదీస్తారు. ఎ జట్టువి లేత గోధుమ రంగు, అలా ముదురుతూ ఎఫ్ జట్టుకి వచ్చేసరికి నలుపు. అంత్యక్రియలకి కనిపించే నల్ల గుర్రాల రహస్యం అదీ. ఇంకో సంగతి, ఇప్పుడు ఆ దళంలో అమ్మాయిలు చాలామందే. ఆ టన్ను బరువు ముందు దౌడు తీసే ముగ్గురిలో ముగ్గురూ అమ్మాయిలే ఉన్న ఫోటో చూశాను. మా క్లాసులో మగపిల్లలు గుర్రం దగ్గరికి వెళ్ళడానికి భయపడి నన్ను పంపేవాళ్ళు. ఎందుకో ఆ ఫోటో దాచుకున్నాను.

#24 తెనాలి టు థేమ్స్
అందరికీ ఒక అప్‌డేట్. చాలా రోజులైంది, క్షమించండి. నవంబర్ 14, చార్లెస్ రాజుగారి పుట్టినరోజు. గ్రీన్ పార్కులో శాల్యూట్. ఆఫీసుకి సెలవు పెట్టి పోయాను.

పన్నెండుకి ముందు చెట్ల వెనక నుంచి వచ్చారు. నీలం కోట్ల మీద పసుపు జరీ, నెత్తిన బొచ్చు టోపీ, దానికి ఎర్ర సంచీ, తెల్ల తురాయి. నేను వీడియో తీద్దామని ఫోను ఎత్తాను, అంతలో దౌడు మొదలైంది. భూమి అరికాళ్ళలోంచి కదిలింది. సౌమ్య గారూ, మీరు చెప్పిన వెనక జతని చూశాను. ఆగమన్నప్పుడు అవి దాదాపు కూర్చున్నంత పని చేశాయి. గుర్రాల్ని విప్పి వెనక్కి తీసుకుపోయారు. తోపుల దగ్గర మనుషులు మోకాళ్ళ మీద.

మొదటి పేలుడుకి పక్కనున్న చంటిపిల్ల ఏడుపు మొదలెట్టింది. పావురాలన్నీ లేచిపోయాయి. పొగ మా వైపే వచ్చింది, అచ్చం దీపావళి మర్నాడు తెనాలి బోస్ రోడ్డు వాసన. ఇరవై దాటాక లెక్క తప్పాను, స్టాప్‌వాచ్ మాత్రం వదల్లేదు.

గన్నర్ గారూ, 6 నిమిషాల 41 సెకన్లు వచ్చింది.

#25 పైసా వసూల్
ఒక సెకను లేటు! బ్యాండ్ మేళం! నేను గెలిచా!

#26 గోల్కొండ గన్నర్
ఆ సెకను నీ వేలిది తమ్ముడూ, తోపుది కాదు. చలికి గ్లౌజులు వేసుకున్నావా?

#27 తెనాలి టు థేమ్స్
వేసుకున్నా సార్.